మదనమోహనుని గజలు స్వరరచన

చలనచిత్రగీతము లల్పాయుష్కము లని పండితులలో నొక ప్రతీతి కలదు. చిత్రము ప్రదర్శనశాలను విడుచుటతోడనే పాట జనుల నోటిని విడుచు ననియు, అట్టి దానిపైఁ జేయు విమర్శ నీటిమీఁది వ్రాఁత యనియు వారి తలంపు. పెక్కుపాటలయెడ నది నిజమే. కాని హిందీ చలనచిత్రసంగీతమునకు స్వర్ణయుగ మని పేరువడసిన కాలమున, 1950 మొదలు 1975 వఱకు, స్వరరచన సాగించిన మదన్ మోహన్ కోహ్లీ యెడ నీ ప్రతీతి చెల్లకున్నది. ఆయన గతించి యర్ధశతాబ్ది యైనను, ఆయన కూర్చిన గజళ్లను గాయకులు పాడుట మానలేదు. ఆయనను జూచి యెఱుఁగని తరమువారు వినుట మానలేదు. ఈ నిలుకడకుఁ గారణ మేమి? ఈ ప్రశ్న సంగీతజ్ఞులకు మాత్రమే సంబంధించినది కాదు. దీని సమాధానమున సగపాలు ఛందస్సునకును, అర్థమునకును జెందినది. కావున సాహిత్యపరిశోధకుల యెదుట దీనిని నిలుపుచున్నాను.

మదనమోహనుఁడు 1924 జూన్ 25వ తేదీని బాగ్దాదు నగరమున జన్మించెను. తండ్రి రాయ్ బహదూర్ చున్నీలాల్ అప్పు డిరాకుదేశమున నుద్యోగి; తరువాత బొంబాయికి వచ్చి, బాంబే టాకీస్, ఫిల్మిస్థాన్ అను చిత్రసంస్థలలోఁ బ్రముఖుఁ డయ్యెను. కుమారుఁడు రెండవ ప్రపంచయుద్ధకాలమున సైన్యమునఁ బనిచేసి, యుద్ధానంతరము లక్నో ఆకాశవాణికేంద్రమునఁ జేరెను. ఆ లక్నోవాసమే యాయనకు గురుకులము. శాస్త్రీయసంగీతమును గురుసన్నిధిని గ్రమముగా నభ్యసించినవాఁడు కాఁడు. వినికిడియే యాయన విద్య. బేగం అఖ్తర్ గజలుగానమును, తలత్ మహమూదు కంఠమును ఆయన యచ్చట దగ్గఱనుండి వినెను. స్వతంత్రసంగీతదర్శకుఁడుగా నాయన తొలిచిత్రము 1950 నాఁటి ‘ఆంఖేఁ’. అది మొదలు 1975 జూలై 14న బొంబాయిలో మరణించువఱకు సుమారు నూఱు చిత్రములకు స్వరరచన చేసెను.

ఆయన పాటల యాకర్షణకు లోకము మూఁడు కారణములు చెప్పుచుండును. మొదటిది లతా మంగేష్కరు కంఠము. రెండవది యా పాటలయందలి శోకము. మూఁడవది, గుణమునకుఁ దగిన గౌరవము జీవితకాలమున దొరకని కళాకారునిపై జనులకుఁ గల జాలి. ఈ మూఁటిని వరుసగాఁ బరీక్షింతము.

లత యాయనకు ముఖ్యగాయని యనుట నిర్వివాదము. ఆయనను గజలునకు రాకుమారుఁ డని కొనియాడినదియు నామెయే. కాని యామె యాకాలపు సంగీతదర్శకులలో నించుమించుగా నందఱకును బాడినది. కంఠమే కారణ మైనచో నందఱి పాటలును నొక్కతీరున నిలువవలసియుండెను. అదిగాక, 1964 నాఁటి ‘జహాఁ ఆరా’లోఁ దలత్ మహమూదు పాడిన గజళ్లును, అదే యేఁటి ‘హకీకత్’లో మహమ్మద్ రఫీ పాడిన పాటయు, 1970 నాఁటి ‘దస్తక్’లో మదనమోహనుఁడు స్వయముగాఁ బాడిన పాటయు లత పాటలతో సమముగా నిలిచియున్నవి. తలత్ కంఠమునకుఁ జిత్రసీమలో నప్పటికే యాదరము తగ్గియుండెను. అయినను ఆయన యా గజళ్లను ఆ కంఠమునకే యొప్పగించెను. కంఠము పద్యమునుబట్టి యెన్నుకొనఁబడిన దనుట కిది చాలును.

ఇఁక శోకము. శోకగీతములు కూర్పని సంగీతదర్శకుఁడు హిందీచిత్రసీమలో లేఁడు. పైఁగా మదనమోహనుని కీర్తికి మూలమైన గజళ్లలోఁ గొన్ని శోకమునకుఁ జెందినవే కావు. ఇది ముందు చూపఁబడును.

జాలిమాట నిజమే. ఆయన ‘వో కౌన్ థీ’ ఫిల్మ్‌ఫేర్ పురస్కారమునకుఁ బరిగణింపఁబడినను, అది ‘దోస్తీ’ చిత్రమునకై లక్ష్మీకాంత్ ప్యారేలాలులకుఁ జెందెను. ఆ పురస్కార మాయనకు జీవితమున నెన్నఁడును రాలేదు. ‘దస్తక్’ సంగీతమునకు మాత్రము జాతీయపురస్కారము లభించెను. అయితే జాలి చరిత్ర చదివినవానికిఁ గలుగును. పాట చరిత్ర యెఱుఁగనివానిని సయితము నిలిపి వినిపించుచున్నది. కావున నిదియుఁ జాలిన కారణము కాదు.

నా సిద్ధాంత మిది. మదనమోహనుఁడు గజలును ముందుగాఁ బద్యముగాఁ జదివి, పిదప స్వరపఱచెను. ఆయన వరుస పద్యమునకు వ్యాఖ్యానము. మంచివ్యాఖ్యానము మూలముతోఁ గలిసి నిలుచును. ఆ వరుసయు నట్లే నిలిచినది. దీనిని నిరూపించుటకు గజలు స్వరూపమును గొంచెము తెలిసికొనవలయును.

గజలు తెలుఁగువారికిఁ గ్రొత్త కాదు. దాశరథి గాలిబు గజళ్లను దెలిఁగించెను, ఆయనయు, సి. నారాయణరెడ్డియుఁ దెలుఁగున గజళ్లు రచించిరి. గజలున నుండునవి షే రనఁబడు రెండేసి పాదముల పద్యములు. ప్రతి షేరును దనయంతఁ దాను సంపూర్ణము. ఒకదాని యర్థము వేఱొకదానిపై నాధారపడదు. మన యాలంకారికులు ముక్తక మనునది యిట్టిదే. ఆ ముక్తకములను గూర్చు దారములు రెండు: కాఫియా యను నంత్యప్రాసము, దానివెంట మాఱకుండ వచ్చు రదీఫు. మత్లా యను మొదటి షేరున రెండుపాదములును, తక్కినవానిలో రెండవపాదమును వీనితో ముగియును. శతకపద్యములకు మకుటము వంటిది రదీఫు. ఒక్కభేదము మాత్ర మున్నది. మకుటము సాధారణముగా సంబోధనమై వాక్యార్థమునకు వెలుపల నిలుచును. రదీఫు వాక్యములోఁ జేరి, ప్రతిపద్యమునను గ్రొత్తయర్థము నీయవలయును. మాట మాఱదు, అర్థము మాఱును. గజలునకు జీవ మిచ్చటనే యున్నది.

గోష్ఠులలో గజలు పాడువారు షేరు మొదటిపాదమును బలుమాఱులు పలుతెఱఁగులఁ బాడి, శ్రోత నిరీక్షించునట్లు చేసి, పిమ్మట రెండవపాదమును విడుతురు. క్షేత్రయ్య పదములను బాడు మనవారి పద్ధతియు నిట్టిదే: పల్లవి నొక్కొక్కమాఱు నొక్కొక్క సంగతితో ననుచు, నాయిక మనస్సులోని పొరల నొకటొకటిగా విప్పుదురు. కాని చలనచిత్రమునకు గ్రామఫోను పలక కొలఁబద్ద. పలక యొకవైపు వ్యవధి సుమారు మూఁడు నిమిషములు. అంతలో వాద్యగోష్ఠి, మూఁడు నాలుగు షేరులు, మత్లా పునరావృత్తి యిముడవలయును. విస్తరమునకుఁ దావు లేదు. మదనమోహనునికి వచ్చిన చిక్కు యిదియే. ఆయన దీని నెట్లు తీర్చెనో యుదాహరణములతోఁ జూతము.

1962 నాఁటి ‘అన్‌పఢ్’ చిత్రమునకు రాజా మెహదీ అలీ ఖాన్ రచించిన గజళ్లలో నొకటి, నాయకుని చూపు తన్నుఁ బ్రేమార్హురాలిఁగా నెంచిన దని నాయిక కృతజ్ఞతతోఁ బలుకునది. ఇందు శోకము లేదు. దీని ఛందస్సు రమల్ అను బహరున నొక ప్రసిద్ధభేదము. గురువు, లఘువు, గురువు, గురువు అను సముదాయము ముమ్మాఱు వచ్చి, చివర గురువు, లఘువు, గురువు వచ్చును. మాత్రలు లెక్కింపఁగా 7, 7, 7, 5, మొత్తము 26. ఇప్పుడు మన మత్తకోకిలను జూడుఁడు. ర, స, జ, జ, భ, ర గణములతో 18 అక్షరములు గల యీ వృత్తమును నడక ననుసరించి విడఁదీసినచో, గురువు, లఘువు, గురువు, లఘువు, లఘువు అను సముదాయము ముమ్మాఱును, చివర రగణమును గానవచ్చును. మాత్రలు 7, 7, 7, 5, మొత్తము 26. రమలులోని మొదటిమూఁడు సముదాయముల చివరిగురువును రెండేసి లఘువులుగా విడఁగొట్టిన మత్తకోకిల యగును. రెంటిదియు మిశ్రగతియే.

పోలిక యింతటితో ముగియలేదు. మత్తకోకిలకు యతిస్థానము పదునొకండవ యక్షరము. అనఁగా మూఁడవ సముదాయారంభము. పై గజలు మొదటిపాదమున నర్థవిరామము సరిగా నా తావుననే యున్నది. చూపు ‘ఎంచెను’ అను క్రియతో రెండవ సముదాయము ముగియును. ఎట్లెంచెనో, ఎవరి నెంచెనో తరువాతఁ దెలియును. మదనమోహనుని వరుసయు నా క్రియమీఁద నిలిచి, క్షణకాలము శ్రోతను వేచియుండఁ జేసి, పిదప ‘నన్ను’ అను నర్థము గల రదీఫుపై దిగును. గోష్ఠిగాయకుఁ డావృత్తులచేత సాధించు నిరీక్షణ మిచ్చట నొక్క విరామముచేత సిద్ధించినది. విస్తరమునకుఁ జాలని కాలమును ఆయన యతిస్థానమునఁ గూర్చుకొనెను. పలుకులలోని గురులఘుస్వభావ మీ వరుసలోఁ జెడక వినఁబడును.

రేడియో సిలోను మూలమునను, 1957 అక్టోబరులో నారంభమైన వివిధభారతి మూలమునను ఈ పాటలు తెలుఁగునాటఁ బ్రవేశించినప్పుడు, వినినవారిలో నుర్దూ యెఱిఁగినవారు కొందఱే. తక్కినవారికి మాట తెలియదు; అయినను నడక తెలిసినదే. భాగవతమున మత్తకోకిలలు చదివిన చెవికి రమల్ పరాయిది కాదు. పద్యపునడకను వరుస కాపాడినందుననే పద్యభాష రానివానికిని బద్యముయొక్క రూపము చేరినది.

రెండవ యుదాహరణము 1964 నాఁటి ‘వో కౌన్ థీ’ చిత్రములోని ‘లగ్ జా గలే’ యను పేరుగల గజలు. రచయిత రాజా మెహదీ అలీ ఖానే. ఈ చక్కని రేయి మరల వచ్చునో రాదో యని నాయిక నాయకుని దఱికిఁ బిలుచుట యిందలి విషయము. రదీఫున కర్థము ‘అగునో కాదో’ యని. దీని వరుస పహాడీరాగచ్ఛాయ కలది. జోలపాటవలె శాంతముగా నడచును. మాట సందేహము, స్వరము నిశ్చింతము. చిత్రకథ యెఱిఁగినవారి కిందలి యౌచిత్యము బోధపడును. నాయిక యెవరో నాయకునికే తెలియని కథ యది. చిత్రము పేరే ‘ఆమె యెవరు’ అను ప్రశ్న. స్వరము గూడ విలపించియున్నచో నర్థము వాచ్యమై పోయెడిది. స్వరము శాంతమై యుండుటచే సందేహము ధ్వనిగా నిలిచినది. సంభోగమున విప్రలంభము నీడ పడు నీతీరు మన యాలంకారికులకుఁ దెలియనిది కాదు.

మూఁడవది అదే యేఁటి ‘హకీకత్’. 1962 నాఁటి చీనాయుద్ధమున లడఖ్ ప్రాంతమునఁ జిక్కుపడిన సైనికులను గూర్చి చేతన్ ఆనంద్ తీసిన చిత్ర మిది. గీతరచయిత కైఫీ ఆజ్మీ. ఇందలి యొక ప్రసిద్ధగీతమున, దూరమున నున్న తనవారు తన్నుఁ దలఁచుకొని యేమి చేయుచుందురో యని సైనికు లూహించుకొందురు. ‘అయి యుండును’ అను నర్థము గల మాట ప్రతిపద్యాంతమునను మరల వచ్చును. మదనమోహనుఁడు దీనిని మహమ్మద్ రఫీ, తలత్ మహమూదు, మన్నా డే, భూపీందర్ అను నలువురచేఁ బాడించెను. ముక్తకమునకు ముక్తకము వేఱు, గొంతునకు గొంతు వేఱు, కలుపు మకుట మొక్కటి. ప్రతి సైనికునకుఁ దన యిల్లు వేఱు, అందఱి ఫలము నొక్కటి. పద్యరూపములోని రహస్య మిచ్చటఁ గంఠముల విభాగముచే వ్యాఖ్యాతమైనది.

నాల్గవది ‘దస్తక్’. రాజేంద్రసింగ్ బేదీ తీసిన చిత్రము, మజ్రూహ్ సుల్తాన్‌పురీ సాహిత్యము. పూర్వ మొక వేశ్య కాఁపురమున్న యింట, సంగతి యెఱుఁగక క్రొత్తదంపతులు దిగుదురు. రాత్రులఁ బరాయివారు తలుపు తట్టుచుందురు. ఇందుఁ జేయి పట్టవల దని ప్రియుని వారించుచు నాయిక పాడు ఠుమ్రీవంటి గీతము చారుకేశిరాగమునఁ గూర్పఁబడినది. చారుకేశి కర్ణాటకమేళములలో 26వది. దీని పూర్వాంగము శంకరాభరణమువలెఁ బ్రసన్నము; ఉత్తరాంగమున శుద్ధధైవతము, కైశికినిషాదము చేరి దైన్యము గలిగించును. ఒక్క యారోహణమునందే ప్రసాదము, విషాదము. వలదనుచునే వలచు నాయికకు, సుఖములోనే భయ మెఱుఁగు నా యింటికి, ఇంతకంటెఁ దగిన రాగము దొరకుట కష్టము. రాగమును బ్రదర్శించుట కాయన పాట కట్టలేదు. అర్థమునకుఁ దగిన రాగమును వెదకెను.

ఇచ్చట నొక బలమైన యాక్షేపణము పుట్టును. 2004లో యశ్ చోప్రా తీసిన ‘వీర్ జారా’ చిత్రమునకు, మదనమోహనుఁడు కూర్చియు నుపయోగింపక విడిచిన వరుసలను గుమారుఁడు సంజీవ్ కోహ్లీ వెలికిఁ దీసెను. వానికి జావేద్ అఖ్తర్ క్రొత్తగా మాటలు వ్రాసెను. లత మొదలగువారు పాడిరి. స్వరకర్త గతించిన 29 ఏండ్లకు ఆ పాటలు దేశమంతట మ్రోఁగినవి. అందొక ప్రసిద్ధమైన వరుస, 1975 నాఁటి ‘మౌసమ్’ చిత్రమున గుల్జార్ గీతమునకై యాయన కూర్చిన పెక్కువరుసలలో మిగిలిపోయినది. వరుస పద్యమునకు వ్యాఖ్యాన మగుచో, ఒక పద్యమునకై పుట్టిన వ్యాఖ్యానము వేఱొక పద్యమున కెట్లు చెల్లెను? ఒక్కపద్యమునకే పెక్కువరుస లెట్లు పుట్టెను?

సమాధానము మన ఛందశ్శాస్త్రముననే యున్నది. మందాక్రాంత మేఘసందేశమునకు ముందును గలదు, తరువాతను గలదు. ఐనను క్షేమేంద్రుఁడు సువృత్తతిలకమున వర్షాకాలమునకును, బ్రవాసవ్యథకును మందాక్రాంత శోభించు నని నియమించెను. వృత్తము మాటలకుఁ బూర్వమే యుండినను భావవిశేషమున కొదిగియుండు నని దీని తాత్పర్యము. మదనమోహనుని వరుసయు నట్టి వృత్తము. పద్యమును జదువు పద్ధతి నెఱిఁగి కట్టినది గావున, విరామము లెచ్చట నుండవలయునో, అంత్యమున రదీఫు పడుటకు స్థాన మెచ్చటనో దానిలోనే యేర్పడియున్నవి. తరువాతి కవి దానిలోఁ దన మాటలు పొదిగినప్పుడు వృత్తము నింపినట్లే నింపెను. ఇఁక నొక్కపద్యమునకుఁ బెక్కువరుస లుండుట దోషము కాదు; ఒక్కశ్లోకమునకుఁ బెక్కువ్యాఖ్యలు లేవా? ‘మౌసమ్’ గీతమే చిత్రమున రెండుతీరుల వినఁబడును: భూపీందర్ ఒంటరిగా విలంబగతిలోఁ బాడిన దొకటి, లతతోఁ గలిసి వేగముగాఁ బాడినది మఱియొకటి. గాలిబు పాదముపైఁ గట్టిన యా గీతమునకు విషయము తీఱికగల గతదినముల వెదకులాట. అదే మాట యొకచోట వయసు గడచినవాని పశ్చాత్తాపము, ఒకచోట నా దినములలోని యుల్లాసము. ఆక్షేపణము సిద్ధాంతమును బడఁగొట్టకపోఁగా, బలపఱచుచున్నది.

గుణముతోఁబాటు పరిమితియుఁ జెప్పుట విమర్శకుని ధర్మము. నూఱుచిత్రముల పాటలన్నియు నీ యంతస్తునకుఁ జెందవు. హాస్యగీతములలోను, నృత్యగీతములలోను పెక్కింట నాయన కూర్పు తోడివారి కూర్పునుండి గుర్తింపరాదు. జానపదపుజీవము సచిన్‌దేవ్ బర్మనునందు విస్తారము; మహావాద్యగోష్ఠిని నడపు ప్రజ్ఞ శంకర్ జైకిషనులయం దెక్కువ. దీనికి మినహాయింపులు లేకపోలేదు. 1966 నాఁటి ‘మేరా సాయా’లో ఆశా భోంస్లే పాడిన బరేలీ బజారు ఝుంకాపాట యెంత ప్రచారము పొందె ననఁగా, 2020లో నా పట్టణమున నొక కూడలిని బెద్ద ఝుంకా నిలిపిరి. కాని యదే చిత్రమున నందరాగచ్ఛాయతో లత పాడిన గీతమును వినినవారు ఆయన స్వక్షేత్ర మేదో వెంటనే గుర్తింతురు. మాటకుఁ బ్రాధాన్యము హెచ్చినకొలఁది యాయన ప్రతిభ హెచ్చును. మాట పలుచఁబడిన చోట నదియుఁ బలుచఁబడును. పరిమితి గూడ సిద్ధాంతమునకే సాక్ష్యము.

ఈ విచారమువలన మనకుఁ గలుగు ప్రయోజన మేమి? రెండు కలవని తోఁచుచున్నది. మొదటిది: ఈ గీతములు నేఁడు స్వరముగా మాత్రమే నిలుచు నపాయమునఁ బడినవి. ఉత్తరహిందూస్థానమునందే యుర్దూపదముల యర్థ మెఱిఁగి వినువారు తగ్గుచున్నారు. వ్యాఖ్యానము మిగిలి మూలము మఱుగుపడినచో, ఆ వ్యాఖ్యానము కొంతకాలమునకు వట్టిధ్వని యగును. పాటను దాఁచుకొన్నవారు పద్యమును గూడ దాఁచుకొనవలయును.

రెండవది మనయింటిది. మన నాటకరంగమునఁ బద్యమును రాగము మ్రింగిన రోజులు కలవు. మాట యెచ్చటఁ దెగినదో, యతి యెటు పోయినదో విచారింపక రాగాలాపమునకే కరతాళములు చఱచితిమి. పాఠశాలలలోఁ బద్యమును జదివించు పండితులకును నీ గీతముల నుండి గ్రహింపఁదగినది కలదు. పద్యమును బాడుటకు ముందు చదువవలయును. చదువునప్పు డర్థ మెచ్చట నాఁగునో, స్వర మచ్చట నాఁగవలయును. లక్నోలో వినికిడిచేత నా స్వరకర్త నేర్చిన పాఠ మింతయే. తద్బలముననే యాయన పాటలు చిత్రములు పోయినను బోక నిలిచినవి. విజ్ఞులు మత్తకోకిల నొకటి, పై రమలుగజలు నొకటి పక్కపక్కను జదివి, పిదప నా పాటను విని, యీ వాదము నిలుచునో లేదో పరిశీలింతురు గాక.